పిలిస్తే రాని చుట్టం

సెప్టెంబర్ 2

రాత్రంతా వాన. పైకప్పు కారలేదు. పొద్దున్నే హాలుకి వెళ్ళి, బూట్లు విప్పి, చెక్క నేలంతా వట్టి కాళ్ళతో నడిచి చూశాను. ఎక్కడా తడి తగల్లేదు, ఒక్క పలక కూడా ఉబ్బలేదు. హమ్మయ్య.

ప్లమ్ పళ్ళు దాచే పాత కోల్డ్ స్టోరేజీని బాస్కెట్‌బాల్ హాలుగా మారుస్తానంటే చాచాక్ ఊరంతా నవ్వింది. నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుందంటారు. గోడలు జానెడు మందం. బంతి చప్పుడు బయటికి పోదు, బయటి చలి లోపలికి రాదు. పళ్ళ వాసన మాత్రం వదల్లేదు. రెండుసార్లు రంగు వేయించినా మూలకు వెళ్ళి నిలబడితే పులిసిన ప్లమ్ వాసనే. "అక్కా, అదే మన బ్రాండ్ అని చెప్పేద్దాం" అన్నాడు మిల్యన్. వీడు మా పిన్ని కొడుకు. నేను పిల్లలకు ఆట నేర్పుతాను, వీడు ఫోన్లు ఎత్తుతాడు, ఫొటోలు పెడతాడు, ఊరందరికీ మెసేజీలు కొడతాడు. వ్యాపారం అంటే అదేనట.

మే నెలలో మాస్టారు అన్న మాట ఇవాళ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

సెప్టెంబర్ 5

గుర్తొచ్చింది. రాసేస్తే పోతుందని రాస్తున్నాను.

క్లబ్బు వదిలేస్తున్నాను, ఇకమీదట సొంతంగా, ఒక్కొక్కరికీ విడివిడిగా నేర్పుతాను అని చెప్పగానే రాడోయె మాస్టారు మెడలోంచి ఈల తీసి బల్ల మీద పెట్టారు.

"ఒంటి వేలితో బంతి పట్టినవాణ్ణి ఎక్కడైనా చూశావా?" అన్నారు. "ఆటంటే అయిదుగురే. నువ్వు చెయ్యి నరికి వేళ్ళు అమ్ముకుంటానంటున్నావు."

"వేలు గట్టిది కాకపోతే పిడికిలి ఎక్కణ్ణుంచి వస్తుంది మాస్టారూ?"

"మాటలు బాగానే నేర్చావు విష్న్యా. ఎడమ చెయ్యి వాడటం మాత్రం ఇప్పటిదాకా నేర్వలేదు."

అంతే, ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. పదకొండేళ్ళప్పుడు మా వీధి గోడకేసి బంతి కొట్టుకుంటున్న నన్ను చెవి పట్టుకుని హాలుకు తీసుకెళ్ళిన మనిషి ఆయన. ఆయన దగ్గర ఆడాను. మోకాలు పోయాక ఆయన పక్కనే నిలబడి చిన్నవాళ్ళకు నేర్పాను. రాడోయె కుడిచెయ్యి అనేవాళ్ళు నన్ను.

నాకేం బాధ లేదు. రాసేశాను, పోయింది.

సెప్టెంబర్ 19

ఇవాళ ముగ్గురు. అందులో ఇద్దరు అన్నదమ్ములు, మూడోవాడు వాళ్ళతో ఊరికే వచ్చినవాడు.

అక్టోబర్ 1

ఒక పిల్లాడి తండ్రి, పళ్ళ డాక్టరు, గుమ్మంలోనే నిలదీశాడు. "మావాడు మీ దగ్గరికి వచ్చి రెండు వారాలైంది. ఇంతవరకూ బంతి ముట్టుకోలేదంటున్నాడు. ఇది బాస్కెట్‌బాలా, కప్ప గంతులా?"

"కప్ప గంతులే" అన్నాను. "ఎగరడం ఎవరికైనా వచ్చు డాక్టరు గారూ. దిగడం నేర్పుతున్నాను. రెండు పాదాల మీదా, మోకాళ్ళు వంచి, నేలకు తెలియకుండా దిగాలి. నేలకు తెలియకుండా దిగినవాడి మోకాలు నలభయ్యేళ్ళకు కూడా ఉంటుంది."

ఆయన నా మోకాలి పట్టీ వైపు చూశాడు. కొడుకు సంచీ లోపల పెట్టి వెళ్ళాడు.

ఈ పద్ధతి నాది. ఏళ్ళ తరబడి ఆలోచించి తయారు చేసుకున్నాను.

అక్టోబర్ 14

ఇవాళ నా వ్యాపారం నిలబడింది. నా ప్రతిభ వల్ల కాదు.

కొసానా బామ్మ మనవణ్ణి తీసుకుని వచ్చింది. మనవడి పేరు ఒగ్న్యెన్, వాడి సంచీ ఆవిడే మోస్తుంది. సంచీలో ఏముంటాయి? ఉతికిన బనియన్లు. లోపలికి వస్తూనే గోడలన్నీ ఒక చుట్టు తిరిగి చూసింది.

"కిటికీలేవే?"

"లేవు బామ్మా. ఇది కోల్డ్ స్టోరేజీ కదా."

"వెనక తలుపో?"

"అదీ లేదు."

"అంటే గాలి ఇటు దూరి అటు పోదన్నమాట."

"దూరడానికి దారే లేదు."

ఆవిడ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "క్లబ్బు హాల్లో నా మనవడికి చెమటొంటి మీద గాలి తగిలి మూడుసార్లు దగ్గు పట్టిందే తల్లీ! కిటికీ మూయరా నాయనా అంటే ఆ రాడోయె నన్నే బయటికి పొమ్మన్నాడు. ఇన్నాళ్ళకు ఈ ఊళ్ళో బుర్ర ఉన్న కోచ్ దొరికింది."

బుర్ర నాది కాదు, ప్లమ్ పళ్ళది అని చెప్పబోయి ఊరుకున్నాను.

నవంబర్ 3

గోడ వారన బెంచీ వేయించాల్సి వచ్చింది. బామ్మలు చోటు కోసం కొట్లాడుకుంటున్నారు. అల్లికలు, ఫ్లాస్కుల్లో టీ, హీటరు మీద ఆరేసిన బనియన్లు. క్లబ్బు పిల్లల్లో సగానికి సగం మంది ఇప్పుడు వారానికి ఒక గంట ఇక్కడే. పక్క ఊరు క్రాల్యెవో నుంచి కూడా ఒక కారు వస్తోంది. బంతి విసిరేటప్పుడు మణికట్టు ఎలా వాలాలో నేను చెప్పే పాఠం గురించి ఒక్కరూ మెచ్చుకోలేదు. గోడల్ని మాత్రం మెచ్చుకోనివాళ్ళు లేరు.

అయినా సరే. కడుపు నిండినట్టుంది.

నవంబర్ 12

కొసానా బామ్మ ఉన్ని బంతి ఒళ్ళో పెట్టుకుని, సూదులు ఆపకుండానే చెప్పింది. "నీకు తెలిసిందా లేదా? క్లబ్బు కమిటీవాళ్ళు కొత్త నిబంధన రాశారట. జనవరి నుంచి క్లబ్బులో పేరున్న పిల్లలు ఇంకెక్కడా నేర్చుకోకూడదట. కాదూ కూడదంటే క్లబ్బులోంచి పేరు కొట్టేస్తారట."

"ఎవరు రాశారు?"

"అధ్యక్షుడు స్రెటెన్. రాస్తే ఏమైందిలే, పిల్లల విభాగం చూసే పెద్దాయన సంతకం పెడితేనే కదా చెల్లేది."

ఆ పెద్దాయన అంటే మాస్టారే.

ఆయన సంతకం పెట్టారంటే నా హాల్లో మళ్ళీ ప్లమ్ పళ్ళు దాచుకోవాల్సిందే. క్లబ్బు చొక్కా వదులుకుని నా దగ్గరికి వచ్చే పిల్లాడు ఈ ఊళ్ళో పుట్టలేదు. నేనే వాళ్ళ వయసులో ఉంటే నేనూ రాను.

నవంబర్ 13

నిద్ర పట్టలేదు. కాఫీ ఎక్కువైంది.

నవంబర్ 14

కాఫీ తాగలేదు. అయినా పట్టలేదు.

నవంబర్ 29

సంతలో మాస్టారు కనిపించారు. శీతాకాలం ఊరగాయకు అందరూ క్యాబేజీలు బస్తాలతో కొంటున్నారు. ఆయన ఒక్కొక్క దాన్నీ రెండు చేతులా పట్టుకుని, నొక్కి, తిప్పి చూస్తున్నారు. మ్యాచ్‌కి ముందు బంతి చూసినట్టే. తలెత్తారు. నన్ను చూశారు. తల ఊపారు.

నాకు ఊపారో క్యాబేజీకి ఊపారో తెలియలేదు. నేను కూడా ఊపాను. అమ్మ కొనుక్కు రమ్మన్న వెల్లుల్లి మర్చిపోయి ఇంటికొచ్చేశాను.

ఆయన సంతకం పెట్టారా లేదా అన్నది ఎవరికీ తెలియదు. కమిటీవాళ్ళు నోరు విప్పడం లేదు.

డిసెంబర్ 10

మిల్యన్ కొత్త ఆలోచనతో వచ్చాడు. "కంపెనీలన్నీ స్లావా చేస్తున్నాయి అక్కా. మనమూ చేద్దాం. పంతొమ్మిదిన మీ ఇంటి పునీతుడు నికోలా పండగే కదా, హాలుకి కూడా ఆయన్నే పెట్టుకుందాం. పూజారి వస్తాడు, రొట్టె కోస్తాడు, తల్లిదండ్రులందరూ వస్తారు. పేరుకి పేరు, పుణ్యానికి పుణ్యం."

కంపెనీ పండగకు కార్డులు పంపుతారు. అది వేరు. ఇంటి పునీతుడి పండగ, అసలు స్లావా, దానికి పిలుపేమిటి? మా తాత ఎవరినీ పిలవలేదు, నాన్నా పిలవలేదు. నాన్న పోయాక పండగ కొవ్వొత్తి వెలిగించే వంతు నాకు వచ్చింది, నేనూ పిలవలేదు. ఒకసారి వచ్చినవాడు ఏటా తనంతట తనే వస్తాడు. పిలిపించుకున్నవాడు ఇంటి మనిషి కాదు.

అందుకే ఇలా అనుకున్నాం. మధ్యాహ్నం హాల్లో కంపెనీ పండగ, తల్లిదండ్రులకు కార్డులు. సాయంత్రం మా ఇంట్లో ఎప్పటిలాగే, ఎవరికీ చెప్పకుండా. "కార్డుల బదులు మెసేజీ నువ్వే రాసి పంపించెయ్, నాకు చూపించక్కర్లేదు. తల్లిదండ్రుల నంబర్లు నా ఫోన్లోంచి నీ ఫోన్లోకి ఎక్కించుకో, కింద నా పేరు పెట్టు" అన్నాను.

ఏటా మా గుమ్మం మొదట తొక్కేది మాస్టారే. ఈసారి వస్తారా రారా అని నేనేం ఆలోచించడం లేదు.

డిసెంబర్ 17

అమ్మ వంటింట్లోంచి ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చింది. వేళ్ళకు పిండి.

"ఏమే, నేను నీకు కస్టమర్నా?"

చదివాను. 'ప్రియమైన కస్టమర్ గారికి, ఈ నెల 19న మా స్లావాకు మీరు సకుటుంబంగా విచ్చేయవలసిందిగా ఆహ్వానం. వచ్చినవారికి మొదటి క్లాసు ఉచితం.' కింద నా పేరు, వెలుగుతున్న కొవ్వొత్తి బొమ్మ, దాని పక్కన టోపీ పెట్టుకున్న బంతి.

మిల్యన్‌కి ఫోన్ చేశాను. "ఎవరెవరికి పంపావురా?"

"నీ ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ అక్కా. ఎవరు రేపు కస్టమర్ అవుతారో మనకేం తెలుసు?"

పంపులు బాగుచేసే అతనికి వెళ్ళింది. నా మోకాలు కోసిన డాక్టరుకి వెళ్ళింది. పూజారికి వెళ్ళింది. ఆయన ఫోన్ చేసి, మొదటి క్లాసు ఎప్పుడు పెట్టుకుందామని అడిగాడు కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. నా ఫోన్లో మాస్టారి నంబరు కూడా ఉంది.

అమ్మ కుర్చీలో కూలబడింది. "మీ నాన్న బతికున్నప్పటి నుంచీ వస్తున్న మనిషే! ఆయన్ని పిలిచావా? నువ్వు మాకు పరాయివాడివి అని రాసి పంపినట్టే కదే!"

"నేను పంపలేదు."

"నీ పేరుతోనే వచ్చింది కదా."

హాలుకెళ్ళి కొసానా బామ్మకు చెప్పాను. ఆవిడ మొదటిసారి సూదులు ఆపింది. "ఫోన్ చేసి సర్దిచెప్పనా?" అన్నాను.

"చేసి ఏమంటావు? రండి అంటే రెండోసారి పిలిచినట్టు. రావద్దంటే గెంటినట్టు. వెళ్ళిన పిలుపుని వెనక్కి లాగే తాడు లేదమ్మా." ఆవిడ మళ్ళీ అల్లడం మొదలుపెట్టి, "మూలిగే నక్క మీద తాటిపండు పడిందంటే ఇదే. సంతకం ఇంకా తేలనేలేదు" అంది.

నేను సంతకం గురించి ఆలోచించడం లేదు. నిజంగానే. అదే నాకు ఆశ్చర్యంగా ఉంది.

డిసెంబర్ 19

మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. పూజారి హాలంతా తీర్థం చల్లాడు, బంతి వేసే రెండు బుట్టల మీదా చల్లాడు. పిల్లలు వరసగా నిలబడి ఉడికించిన గోధుమల ప్రసాదం చెంచాతో తిన్నారు. పళ్ళ డాక్టరు నా చెయ్యి పట్టుకుని, మావాడు మెట్లు కూడా చప్పుడు లేకుండా దిగుతున్నాడు, ఇంట్లో భయపడి చస్తున్నాం అన్నాడు. ఫొటోల్లో నేను నవ్వుతున్నాను.

సాయంత్రం ఇంటికి ఎప్పుడూ వచ్చేవాళ్ళందరూ వచ్చారు. క్రిస్మస్ ముందు ఉపవాసం రోజులు, మాంసం ముట్టం కాబట్టి చేపలే. కొవ్వొత్తి నిటారుగా, నిదానంగా కాలింది. బెల్లు మోగినప్పుడల్లా అమ్మ నా మొహం చూసింది, నేను చేప ముళ్ళు చూశాను. మాస్టారు ఎప్పుడూ కూర్చునే కుర్చీలో ఎవరో కూర్చోబోతే అమ్మ లేపి ఇంకోచోట కూర్చోబెట్టింది.

ఆయన రాలేదు. చలి కదా. మోకాళ్ళ నొప్పి అయి ఉంటుంది.

డిసెంబర్ 20

మోకాళ్ళ నొప్పి కాదు.

జనవరి 9

ఏడో తారీఖున మా క్రిస్మస్ అయిపోయింది. హాలు తెరిచాను. పిల్లలు వస్తున్నారు కానీ తల్లులు గుమ్మంలో గుసగుసలాడుతున్నారు. ఒకావిడ మొహమాటంగానే అడిగింది. "విష్న్యా గారూ, క్లబ్బువాళ్ళు ఏమంటారో తేలేదాకా మా అమ్మాయిని మాన్పించమంటారా?" మీ ఇష్టమండీ అన్నాను. ఏ జవాబు చెప్పినా తప్పే అయ్యేటట్టుంది.

మాస్టారికి మన బొమ్మ ముద్రించిన బుట్టలో తేనె, కప్పు, తువాలు పెట్టి పంపుదామన్నాడు మిల్యన్. వాడి ఫోన్ లాక్కుని బామ్మల బెంచీ మీద పెట్టాను. కొసానా బామ్మ దాని మీద కూర్చుంది.

జనవరి 16

"ఇరవయ్యో తారీఖు" అంది అమ్మ.

"తెలుసు."

పునీత యోహాను పండగ. మాస్టారి ఇంటి స్లావా. పదకొండేళ్ళ వయసు నుంచి ఒక్క ఏడూ మానలేదు. మోకాలు ఆపరేషన్ అయిన ఏడు కూడా చంక కర్రలతో వెళ్ళాను.

"వెళ్తే సంతకం కోసం వచ్చిందనుకుంటారు. వెళ్ళకపోతే ఇక అంతా అయిపోయినట్టే. ఎటూ కాళ్ళాడటం లేదమ్మా."

అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండానే అడిగింది. "నిన్ను పిలిచాడా?"

"లేదు."

"మెసేజీ, కార్డు, ఎవరిచేతనైనా కబురు?"

"ఏమీ లేదు."

"మరి ఇంకేం? పిలవలేదంటే ఆ ఇంట్లో నువ్వింకా పాత మనిషివే అన్నమాట. పిలుస్తాడేమోనని భయపడాలి కానీ, పిలవలేదని భయమేమిటే?"

కళ్ళ నీళ్ళు ఉల్లిపాయలవే అన్నాను.

జనవరి 20

ఇప్పుడే వచ్చాను. కోటు కూడా విప్పలేదు. మర్చిపోకముందే రాయాలి. నేనేదీ మర్చిపోను, అయినా రాయాలి.

మాస్టారి భార్య దోబ్రిలా పిన్నికి అయిదు తెల్ల పూలు, ఒక కాఫీ పొట్లం, ఒక వైన్ సీసా. ఏటా తీసుకెళ్ళేవే. మెట్ల మీద మూడో అంతస్తు దాకా మాంసం వాసన, నవ్వులు. తలుపు ముందు నిలబడి చాలాసేపు బెల్లు నొక్కలేదు. ఎదురింటి వాళ్ళ కుక్క మొరగడంతో నొక్కాను.

దోబ్రిలా పిన్ని తలుపు తీసింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏమీ అడగకుండా ప్రసాదం పళ్ళెం ముందుకు చాపింది. సిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా తిన్నాను. వాల్‌నట్లు ఎక్కువ, చక్కెర తక్కువ. పిన్ని చేతి పాకం మారలేదు.

గది నిండా జనం. కమిటీవాళ్ళు, అధ్యక్షుడు స్రెటెన్, పాత ఆటగాళ్ళు. నన్ను చూడగానే మాటలు తగ్గిపోయాయి. మాస్టారు కొవ్వొత్తి పక్కన, సీసా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. స్లావా రోజు ఇంటి యజమాని కూర్చోకూడదు, వచ్చినవాళ్ళందరికీ తనే నిలబడి వడ్డించాలి. అది ఎంత గట్టి నియమమో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఆయన సీసాతో నా దగ్గరికి రాక తప్పలేదు.

వచ్చారు. నా ముందు చిన్న గ్లాసు పెట్టారు. వంగి, ఊరందరికీ వినబడేంత మర్యాదగా అన్నారు.

"ప్రియమైన కస్టమర్ గారూ, తమరు ఏం పుచ్చుకుంటారు?"

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. లేచి వెళ్ళిపోదామని ఒక కాలు అప్పుడే బయలుదేరింది. ఇంకో కాలు ఒప్పుకోలేదు.

"మీరు పోసిందే తాగుతాను మాస్టారూ" అన్నాను. "ఎప్పుడైనా వేరేది అడిగానా?"

ఆయన పోశారు. ప్లమ్ సారా అంచు దాకా నిండింది. సీసా పైకెత్తుతూ అన్నారు, "మొదటి గ్లాసు ఉచితం."

ముందు నవ్వింది దోబ్రిలా పిన్ని. తర్వాత బల్లంతా నవ్వింది. నేను నవ్వబోయి ఏడ్చేశాను. కమిటీవాళ్ళ ముందు, స్రెటెన్ ముందు, ముక్కు కారేలా ఏడ్చాను. "మాస్టారూ, అది మిల్యన్ గాడు పంపాడు. నా ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ పంపాడు. మా అమ్మకీ వెళ్ళింది, పంపులవాడికీ వెళ్ళింది, పూజారికి కూడా వెళ్ళింది."

"పూజారికి కూడానా?" మాస్టారి భుజాలు కదిలాయి. "మరి మొదటి క్లాసుకి వచ్చాడా?"

"రోజు చెప్పమని అడిగాడు."

ఆయన నవ్వు ఆపుకోలేక సీసా బల్ల మీద పెట్టేశారు. ఆ గదిలో నేను అంత నవ్వు విని ఏళ్ళయింది.

స్రెటెన్‌కి మాత్రం నవ్వు రాలేదు. "సరే, నవ్వులాటలు ఎలా ఉన్నా, ఆ నిబంధన సంగతి తేల్చాలి కదా రాడోయె. మనిషి కూడా ఎదురుగానే ఉంది."

"ఏ నిబంధన?" అన్నారు మాస్టారు. "నవంబర్లోనే చెప్పాను కదయ్యా నేను సంతకం పెట్టనని. పెట్టనన్నవాణ్ణి స్లావా రోజు కూడా అడుగుతావా? ఇంకో ముక్క మాంసం వేసుకో."

నవంబర్లోనే! నేను సంతలో వెల్లుల్లి మర్చిపోయేనాటికే.

"ఎందుకు పెట్టవు?" అన్నాడు స్రెటెన్. "మన పిల్లల్ని లాక్కుపోతుంటేనూ?"

"ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాళ్ళు చూస్తే తెలుస్తుంది. అక్టోబర్ దాకా ఈ పిల్లలు ఎగిరి దిగుతుంటే బస్తాలు పడేసినట్టు ఉండేది. నేను అరిచి అరిచి గొంతు పోయింది. ఇరవై మందిలో ఎవడి కాళ్ళని చూడగలను? ఇప్పుడు సగం మంది దిగుతుంటే నేలకు తెలియడం లేదు." ఆయన గ్లాసులు నింపుకుంటూ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. "నేలకు తెలియకుండా దిగాలి అనే మాట ఈ ఊళ్ళో ఎవడిది? ఆ కాళ్ళు నావయ్యా. నా కాళ్ళకు నేనే సంకెళ్ళు వేసుకోమంటావా?"

స్రెటెన్ మాంసం వేసుకున్నాడు.

వచ్చేటప్పుడు ఆయనే కోటు అందించారు. గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అన్నారు. "నవంబర్లో నీ కోసం కమిటీవాళ్ళతో గొంతు చించుకున్నాను. డిసెంబర్లో నువ్వు నన్ను కస్టమర్ని చేశావు. ఆ సాయంత్రం కోటు వేసుకుని, సీసా పట్టుకుని ఇదిగో ఈ గుమ్మం దాకా వచ్చానే. మీ నాన్న ఇంటికి పిలిపించుకుని వెళ్ళే మనిషినా నేను అనిపించింది. కోటు విప్పేశాను."

"మీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు అమ్మ."

"చేప మిగిలిందా?"

"మిగిలింది."

"ఉప్పు తక్కువై ఉంటుంది."

మళ్ళీ ఏడు రమ్మని ఆయన అనలేదు. నేనూ అనలేదు. మెట్లు దిగుతూ చూసుకున్నాను, నా అడుగుల చప్పుడు నాకే వినబడలేదు.

జనవరి 21

మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

ఫిబ్రవరి 6

చెప్పాపెట్టకుండా మాస్టారు హాలుకి వచ్చారు. గోడ మీద చెయ్యి వేసి చూశారు, మూలకు వెళ్ళి వాసన చూశారు. "ప్లమ్" అన్నారు. అది మెచ్చుకోలో కాదో తెలియలేదు. బామ్మల బెంచీ చివర కూర్చుని కాసేపటికి కాలరు వదులు చేసుకున్నారు.

"ఊపిరాడటం లేదు. ఎవరైనా ఆ తలుపు తెరవండి."

"తలుపు మీద చెయ్యి వేస్తే విరుగుతుంది" అంది కొసానా బామ్మ, సూదులు ఆపకుండా.

"నువ్వింకా బతికే ఉన్నావా కొసానా?"

"నీ కిటికీల పక్కన ఉంటే ఈపాటికి పోయేదాన్నే."

ఈ ఊళ్ళో ఎవరి మాటా వినని మనిషి తలుపు ముట్టుకోకుండా కూర్చున్నారు. గంటసేపు పిల్లల కాళ్ళు చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "వేళ్ళు బాగానే ఉన్నాయి. ఇక పిడికిలి పట్టడం ఎవరు నేర్పుతారు?" అన్నారు.

మంగళవారం సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయన్నాను. అయిదుగురేసి కలిసి ఆడే తరగతి అయితే బాగుంటుందని చాలా రోజులుగా అనుకుంటున్నానన్నాను. అది అప్పుడే పుట్టిన అబద్ధం. ఆయన జేబులోంచి ఈల తీసి మెడలో వేసుకున్నారు. జేబులోనే పెట్టుకుని వచ్చారంటే, ఎవరు నేర్పుతారన్న ఆయన ప్రశ్నా అబద్ధమే.

అక్టోబర్ 1న ఒక ముక్క రాశాను. అది నిజం కాదు. దిగడం నేర్పే పద్ధతి ఆయనదే.

ఏప్రిల్ 23

మంగళవారాలు నిండిపోయాయి. పక్కన యాపిల్ పళ్ళు దాచే గది కూడా తీసుకుంటున్నాం. దానికీ కిటికీల్లేవు. బామ్మలు వెళ్ళి చూసి ఒప్పుకున్నారు.

డిసెంబర్ 18

మిల్యన్ ఫోన్ బామ్మ కింద ఉంది. రేపు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

డిసెంబర్ 19

ఎవరినీ పిలవలేదు. చేపలో ఉప్పు నేనే వేశాను, రెండుసార్లు రుచి చూసి మరీ. కొవ్వొత్తి వెలిగించి, అగ్గిపుల్ల ఆర్పానో లేదో, మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడూ లేకుండానే బెల్లు మోగింది. అమ్మ తలుపు తీసింది. ఆ గొంతు వంటింటి దాకా వినబడింది.

"కస్టమర్ వచ్చాడమ్మా. కుర్చీ ఉందా, తీసేశారా?"